సంతకానికి బ్రేక్ దర్శనం

తిరుమల కొండమీద రాలిన వెంట్రుకకు లెక్క ఉంది. కల్యాణకట్టలో కత్తి కింద పడిన జుట్టును పోగుచేస్తారు, ఆరబెడతారు, పొడుగును బట్టి రకాలుగా విడదీస్తారు, గోడౌన్‌లో తూకం వేసి పెడతారు, ఈ-వేలం వేస్తారు. ఏ రకం ఎన్ని కిలోలు పోయింది, ఎంత ధర పలికింది, అంతా పేపర్లో వస్తుంది. హుండీలో పడిన వాచీలూ సెల్‌ఫోన్లూ అంతే. కొత్తవి ఒక లాటు, వాడినవి ఒక లాటు, కాస్త దెబ్బతిన్నవి ఇంకో లాటు. మొక్కు తీర్చుకుని ఎవరో మహానుభావుడు వేసిపోయిన తిరగని వాచీకి కూడా ఈ గడ్డమీద ఒక నంబరుంది, ఒక వరసుంది, అడిగేవాడున్నాడు.

రవీంద్రనాథ్ ఠాగూర్ సంతకానికి లేదు.

ఠాగూర్‌కీ మనకీ ఏం సంబంధమంటారా? చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్లో. జనగణమన మొదటిసారి నలుగురి ముందు పాడింది అదే ఏడు డిసెంబర్ 27న, కలకత్తా కాంగ్రెస్ సభలో. ఒకే ఏటి పిల్లలిద్దరూ కలుసుకునేసరికి 1919 వచ్చింది. ఆ ఫిబ్రవరిలో ఠాగూర్ ఆ జిల్లాలోని మదనపల్లెలో దిగారు. అనిబిసెంట్ 1915లో పెట్టిన థియోసాఫికల్ కాలేజీ, మనవాళ్ల నోట బీటీ కాలేజీ, ఆయనకు విడిది. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి. ఆయన భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్న మనిషి. ఒక సాయంత్రం ఠాగూర్ జనగణమన ఎత్తుకున్నారు, పిల్లలు అందుకున్నారు, మార్గరెట్ స్వరాలు రాసిపెట్టింది. ఫిబ్రవరి 28 తేదీ వేసి, ఠాగూర్ ఆ పాటకు తన ఇంగ్లీషు అనువాదాన్ని 'ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అన్న పేరుతో స్వదస్తూరీతో రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చి వెళ్లారు. (పాటకు బాణీ కట్టింది కూడా మదనపల్లెలోనే అని మనవాళ్లు సభల్లో కాస్త గట్టిగానే చెబుతుంటారు. ఎనిమిదేళ్ల కిందట కలకత్తాలో దాన్ని బాణీ లేకుండా పాడారా అని అడిగితే మైకు లాక్కుంటారు. స్వరలిపీ, ఇంగ్లీషు పాఠమూ మనవి. అవి చాలవా?)

ఆ కాగితం ఏమైంది? కాలేజీ డబ్బుకు కటకటలాడిన రోజుల్లో అసలు ప్రతి ఎవరో అమెరికా సేకరణకర్త చేతికి వెళ్లిపోయిందన్నది ఊళ్లో ఏళ్ల తరబడి చెప్పుకుంటున్న మాట. పత్రికలూ అదే రాశాయి. మదనపల్లెకు మిగిలింది నకలు. ఆ నకలు ముందే మనం నిలబడతాం, ఛాతీ పొంగిస్తాం, ఫొటో దిగుతాం, స్టేటస్ పెట్టుకుంటాం.

కాలేజీని తిట్టడానికి నాకు నోరు రాదు. పిల్లలకు పాఠం చెప్పే వాళ్లకు జీతం ఇవ్వాలా, గోడకున్న పటానికి పూలదండ వెయ్యాలా అన్న ప్రశ్న వస్తే ఏ ప్రిన్సిపాలైనా మొదటిదే చేస్తాడు. నా కోపమంతా, జాతీయగీతం కాగితం ఉన్న కాలేజీకి డబ్బు అవసరం పడితే జేబు తడుముకోని ఊరి పెద్దల మీద, జిల్లా పెద్దల మీద, రాష్ట్రం పెద్దల మీద. సినిమా హీరో కటౌట్‌కు పాలు పోయడానికి చందా వసూలైన జిల్లా ఇది. ఠాగూర్‌కు ఎవరూ రసీదు బుక్కు అచ్చేయించలేదు.

మదనపల్లె కాగితాలంటే ప్రభుత్వానికి పట్టదని మాత్రం అనకండి. 2024 జూలై 21 రాత్రి అక్కడి సబ్‌కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోతే, మర్నాడు డీజీపీ అంతటివాడు హెలికాప్టర్లో దిగాడు. దిగాల్సిందే, తప్పు లేదు. భూమి సంతకాలవి. పోతే ఎవడి పొలమో ఎవడి పేరన తేలుతుంది. ఠాగూర్ సంతకానికి సర్వే నంబరు లేదు, అడంగల్ లేదు, పట్టా లేదు. దానికోసం హెలికాప్టర్ కాదు గదా, సైకిల్ తొక్కినవాడు కూడా లేడు.

ఇక అసలు సంగతికొద్దాం. పాత సంతకాలను చూడాలంటే ఈ దేశంలో అన్నిటికంటే మర్యాదైన చోటు ఏది? మ్యూజియం కాదు, భాండాగారం కాదు, యూనివర్సిటీ అసలే కాదు. వేలం వేసే దుకాణం. నవ్వకండి. ముంబైలోనో ఢిల్లీలోనో లండన్‌లోనో పేరున్న వేలం సంస్థ ఏదైనా సరే, పాట మొదలయ్యే ముందు కొన్ని రోజులు సరుకంతా గోడలకూ బల్లలకూ పరిచి తలుపులు తెరుస్తుంది. మామూలుగా టికెట్ ఉండదు. కొంటావా లేదా అని ఎవరూ మొహం చూడరు. నీ చెప్పుల వంకా చూడరు. చూసినా పైకి తెలియనివ్వరు. లాటు నంబరు చెప్పి, ఫలానా ఉత్తరం చూడాలమ్మా అంటే, చేతులు తుడుచుకుని కూర్చోమని తెచ్చి ముందు పెడతారు. పక్కన అచ్చేసిన కేటలాగు: ఎవరు రాశారు, ఎవరికి, ఏ తేదీన, ఎన్ని పేజీలు, ఎక్కడ చిరిగింది, ఎవరి పెట్టెలోంచి ఎవరి పెట్టెలోకి మారింది, ఎంతకు పోవచ్చు. మన ప్రభుత్వ రికార్డు గదిలో ఒక కాగితానికి ఇంత జాతకచక్రం వేసి ఉంటే నేను తిరుపతి నుంచి కాణిపాకం దాకా పొర్లుదండాలు పెడతాను.

ఆ బల్ల దగ్గర ఏం కనబడుతుందో చెబుతాను. సిరా ఒకప్పుడు నలుపు, ఇప్పుడు కాఫీ రంగు. కలం ఒత్తిన చోట అంచులు కాగితాన్ని తిన్నాయి. మడతల మీద అక్షరాలు అరిగాయి. మూల గుండుసూది గుచ్చిన రంధ్రం చుట్టూ తుప్పు. మొదటి నాలుగు వరసలు సాఫీగా నడుస్తాయి, ఐదో వరసలో ఒక మాట కొట్టేశాడు, పైన ఇంకో మాట రాశాడు, దాన్నీ కొట్టేసి మొదటి మాటే మళ్లీ పెట్టాడు. చివర చోటు చాలక సంతకం పక్కకు ఒదిగింది. అచ్చు పుస్తకంలో ఆ మహానుభావుడు ఎన్నడూ తడబడడు. ఇక్కడ తడబడ్డాడు. నీ ఎదురుగా, నీకు రెండు జానల దూరంలో తడబడ్డాడు. ఠాగూర్ రాతప్రతులైతే మరీ కనువిందు. కొట్టివేతలన్నీ కలిపి బొమ్మలు చేసేవాడు, పక్షులో జంతువులో తేలేవి.

'కాగితం మీద గీతలు చూడటానికి అంత దూరం పోవాలా, ఏం పిచ్చి?' అంటారు మా వాళ్లు. శ్రీవారి పాదాలు చూడటానికి నారాయణగిరి ఎక్కే జనం అడగాల్సిన ప్రశ్న కాదది. స్వామి మొదట అడుగు మోపిన చోటని రాతిమీద పాదాల గుర్తుకు దండం పెట్టి, కళ్లు తుడుచుకుని, ఫొటో తీయించుకుని దిగుతాం. పాదం మోపిన గుర్తుకు ఉన్న విలువ చెయ్యి మోపిన గుర్తుకు ఎందుకు లేకుండా పోయింది? మనకు భక్తి తెలుసు. కాగితం మీద భక్తి తెలియదు. అదే వస్తే గిస్తే ఆయుధపూజ నాడు పసుపు కుంకుమలు చల్లి ఆ కాగితాన్నే పాడు చేస్తాం.

ఇప్పుడు మన వైపు చూడండి. పేరు చెప్పను, ఏ ఊరో చెప్పను, పాత కాగితాలు కాపాడే సర్కారు ఆఫీసు ఒకటి. కౌంటర్లో ఉన్న పెద్దమనిషి దస్తరం కట్ట విప్పకుండా నా మొహం విప్పి చదివాడు.

"ఏం గావాల?"

"పాత ఉత్తరం ఒగటి చూడాల సార్."

"ఏంటికి?"

"చూసేదానికే."

"పీహెచ్‌డీనా?"

"కాదు."

"కోర్టు కేసా?"

"కాదు సార్."

"అన్నదమ్ముల భాగాల గొడవా?"

"అదీ కాదు."

"మరింకేంటికబ్బా?"

అప్లికేషన్లో 'ప్రయోజనం' అని ఒక గడి ఉంది. 'చూడటానికి' అని రాశాను. దాన్ని కొట్టేయించాడు. గెజిటెడ్ ఆఫీసర్ చేత, పచ్చ సిరాతో, ఈయన ఫలానా మనిషేనని సంతకం పెట్టించుకుని రమ్మన్నాడు. తెచ్చేసరికి తాళంచెవి ఉన్న సారు లీవులో ఉన్నాడు. చచ్చిపోయినవాడి సంతకం చూడాలంటే బతికున్నవాడి సంతకం కావాలన్నమాట. బతికున్నవాడేమో సీట్లో ఉండడు.

అమ్మేవాడు అందరికీ చూపిస్తున్నాడు. కాపాడేవాడు ఎవడికీ చూపించడం లేదు. ఇందులో ఎవడి దగ్గర కాగితం భద్రంగా ఉందో మీరే చెప్పండి. నలుగురూ చూసిన వస్తువు మాయమైతే నలుగురు అడుగుతారు. ఎవరూ చూడని బీరువాలోంచి పోయిన కాగితం గురించి అడిగేది చెదపురుగు ఒక్కటే, తిండి తగ్గిందని.

అసలు తిరుపతివాళ్లకు సంతకం విలువ తెలియదంటే స్వామి క్షమించడు. ఇక్కడ నడిచినంత సంతకాల వ్యాపారం లండన్‌లో కూడా నడవదు. సాయంత్రం ఏ ప్రజాప్రతినిధి ఇంటి ముందైనా నిలబడి చూడండి. అరుగుమీద జనం, చేతుల్లో ఆధార్ జిరాక్సులు. లోపల పీఏ ముందు లెటర్‌హెడ్ల కట్ట. 'మా నియోజకవర్గానికి చెందిన ఈ దిగువ ఆరుగురికి వీఐపీ బ్రేక్ దర్శనం కల్పించవలసిందిగా...' అని అచ్చేసి ఉంటుంది. పేర్లూ వయసులూ నంబర్లూ నింపుతారు. ఆ ఆరుగురిలో నియోజకవర్గం మొహం చూసినవాళ్లు ఇద్దరుంటే గొప్ప. కింద సంతకం పడుతుంది. మొదటి అక్షరం తెలుగో ఇంగ్లీషో తెలియదు, తర్వాతదంతా ఎండలో చచ్చిన పాము. దాని ఆయుష్షు తెల్లారేదాకానే. మర్నాడు ఉదయం బ్రేక్ అయిపోయాక అది వేరుశనక్కాయల పొట్లానికి కూడా దొరుకుతుంది. కానీ ఆ ఒక్క రాత్రి దాని విలువ చూడాలి! టికెట్టు ధర 500. లెటర్ ధర అడిగేవాడి ముఖాన్ని బట్టి. నకిలీ లెటర్ల కేసులు తిరుమల పోలీసులకు కొత్తేమీ కావు. నకిలీ సరుకు దిగిందంటే అసలు సరుకుకు గిరాకీ ఉన్నట్టే; ఈ సూత్రం పికాసోకూ వర్తిస్తుంది, మన ఎమ్మెల్యేకూ వర్తిస్తుంది.

ఆటోగ్రాఫుల లోకంలో ఒక లెక్క ఉంది. తక్కువ సంతకాలు పెట్టినవాడికి ఎక్కువ ధర. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద చేవ్రాలు చేసిన బటన్ గ్విన్నెట్ అనే ఆయన మరుసటి ఏడాదే, 1777లో, ద్వంద్వయుద్ధంలో తగిలిన తూటాకు పోయాడు. చరిత్రలో పెద్దగా చేసిందేమీ లేదు. త్వరగా చచ్చిపోయాడు, అంతే. 2010లో ఆయన సంతకం ఒకటి సదబీస్ వేలంలో 7,22,500 డాలర్లు పలికింది. ఈ లెక్కన మన ప్రజాప్రతినిధుల సంతకాలకు భవిష్యత్తులో ఏమీ రాదని బాధగా ఉంది. రోజుకు ఇన్ని లెటర్లు ఇస్తే మార్కెట్ ఏం కావాలి? పైగా సేకరణకర్తలు ఇంకో మెలిక పెడతారు: సంతకం స్వయంగా పెట్టిందా, సెక్రటరీ పెట్టిందా అని భూతద్దం పెట్టి చూస్తారు. ఆ పరీక్షకు నిలిస్తే మన జిల్లాలో చాలామంది పీఏలు చారిత్రక పురుషులవుతారు.

ఐన్‌స్టీన్ 1922లో టోక్యోలోని ఇంపీరియల్ హోటల్లో టిప్పుకు బదులు చీటీ మీద రెండు మాటలు రాసిచ్చాడు. ఉంచుకో, టిప్పు కంటే ఎక్కువ విలువ చేస్తుందేమో అన్నాడట. 2017లో అది జెరూసలేం వేలంలో పదిహేను లక్షల డాలర్లు దాటింది. తిరుమల కాటేజీలో రూమ్‌బాయ్‌కు ఎవరైనా అట్లా చీటీ రాసిస్తే ఏం జరుగుతుందో ఊహించుకోండి. "సామీ, దీంతో రెండు లడ్లు వస్తాయా?" అంటాడు. వాడి తప్పు లేదు. వాడు చూసిన చీటీలన్నీ పనికొచ్చినవే.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పకుండా ఉండలేను. విజయనగర రాజులు శాసనాల చివర చేవ్రాలుగా తమ పేరు పెట్టుకునేవాళ్లు కాదు. 'శ్రీ విరూపాక్ష' అని పెట్టేవాళ్లు. తర్వాత పెనుకొండ, చంద్రగిరి నుంచి ఏలిన ఆరవీటి రాజుల కాలంలో ఆ చోట 'శ్రీ వేంకటేశ' వచ్చింది. ఊళ్లకు ఊళ్లు దానమిస్తున్న రాజు, రాగిరేకు మీద చివరి వరస దగ్గరికొచ్చేసరికి తన పేరు తీసేసి దేవుడి పేరు పెట్టాడు. ఇప్పుడు అదే చంద్రగిరి మీదుగా కొండకెక్కుతున్న కాగితాలు చూడండి. దేవుడికే సిఫార్సు, సంతకం మాత్రం నాయకుడిది. లెటర్‌హెడ్ మీద ఆయన ఫొటో కూడా ఉంటే ఇంకా మంచిది, స్వామి గుర్తుపట్టడానికి వీలుగా.

ఆ లెటర్ పట్టుకుని మహాద్వారం దాటి లోపలికి పోయే వీఐపీలు కుడివైపు తల తిప్పితే ప్రతిమా మండపంలో శ్రీకృష్ణదేవరాయలు ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడి ఉంటాడు. విగ్రహాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. 1513 నుంచి 1521 లోపల ఏడుసార్లు కొండకు వచ్చిన మనిషి. ఒక్కసారీ లెటర్ తెచ్చుకున్నట్టు శాసనాల్లో లేదు. అయిదువందల ఏళ్లుగా దణ్ణం పెడుతూనే ఉన్నాడు, మనం ఆయన పక్కనుంచే తోసుకుంటూ పోతూనే ఉన్నాం. "జరగండి జరగండి" అన్న కేక ఆయనకూ వర్తిస్తుందేమోనని అప్పుడప్పుడూ నాకు అనుమానం.

కొండమీద కాపాడిన కాగితాలు లేవా అంటే ఉన్నాయి, అవి రాగివి కావడం మన అదృష్టం. తాళ్లపాక వారి రేకులు సంకీర్తన భాండాగారంలో శతాబ్దాలు నిద్రపోయి, 1922 ప్రాంతంలో బయటపడి, ఆ తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటి వాళ్ల కళ్లు పోగొట్టుకునే చాకిరీతో పుస్తకాలయ్యాయి. ప్రతి పాట చివరా వేంకటేశుడి ముద్ర ఉంది, అన్నమయ్య చేవ్రాలు అదే అనుకోవచ్చు. రాగి కాబట్టి చెద తినలేదు. మరి ఠాగూర్ అమాయకంగా కాగితం మీద రాశాడు. మదనపల్లె వచ్చేముందు ఎవరైనా ఆయనకు చెప్పి ఉండాల్సింది.

ఇంత నిర్లక్ష్యం చేసిన మనకే, ఎక్కడో విదేశంలో వేలం అన్న వార్త వస్తే మనోభావాలు పొడుచుకొస్తాయి. 2009 మార్చిలో న్యూయార్క్‌లో గాంధీ కళ్లజోడు, చెప్పులు, వాచీ, కంచం, గిన్నె వేలానికొచ్చాయి. దేశం ఊగిపోయింది. పార్టీలు గర్జించాయి. చివరికి 18 లక్షల డాలర్లకు కొని జాతి పరువు కాపాడింది ఎవరు? విజయ్ మాల్యా. మద్యం వద్దని జీవితమంతా మొత్తుకున్న ముసలాయన కళ్లజోడును బీరు డబ్బు విడిపించింది. ఆ మాల్యాగారే 2012 డిసెంబర్లో పుట్టినరోజుకు తిరుమల వచ్చి 3 కిలోల బంగారం సమర్పించుకున్నాడు. అప్పటికి ఆయన కింగ్‌ఫిషర్ విమానాలు నేలమీద ఉన్నాయి, ఉద్యోగులు జీతాలు లేక రోడ్డుమీద ఉన్నారు. జీతం చెక్కుల మీద ఆయన సంతకం దొరికి ఉంటే, ఆ రోజుల్లో దానికంటే అరుదైన ఆటోగ్రాఫ్ ఇంకోటి ఉండేది కాదు. 2016లో దేశం దాటాడు. గాంధీ చెప్పులు కొన్నాడు గానీ దండియాత్ర లండన్ వైపు చేశాడు.

అదే 2012లో, గాంధీ తన దక్షిణాఫ్రికా మిత్రుడు కాలెన్‌బాక్‌తో నడిపిన ఉత్తరాల కట్టను సదబీస్ వేలానికి పెడితే, పాట మొదలుకాకముందే భారత ప్రభుత్వం సుమారు ఏడు లక్షల పౌండ్లు ఇచ్చి తెచ్చుకుంది. మంచి పనే. ఇప్పుడవి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వేలం కేటలాగులో ఉన్న రోజుల్లో ఆ ఉత్తరాల గురించి లోకమంతా మాట్లాడుకుంది. దేశానికి దక్కాక ఎంతమంది వెళ్లి చూశారో ఎవరినీ అడగను. పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టకూడదు.

గాంధీగారికి ఈ మనోభావాలు ఉండేవి కావు. ఆటోగ్రాఫ్ అడిగితే 5 రూపాయలు పెట్టమనేవాడు, హరిజన నిధికి. ఊరివాళ్లు చదివిన సన్మానపత్రాన్నీ, అది పెట్టిచ్చిన వెండి పెట్టెనూ అదే సభలో, వాళ్ల కళ్లెదుటే వేలం వేసేవాడు. తన సంతకానికి తానే ధర కట్టి, ఎవరి కోసమో చెప్పి, లెక్క రాయించాడు. ఆ లెక్క రాయించడమే మనం ఆయన దగ్గర నేర్చుకోలేదు.

ఠాగూర్ విషయానికే వస్తే, 2025 జూన్‌లో ఆయన ధూర్జటి ప్రసాద్ ముఖర్జీకి రాసిన 35 ఉత్తరాలు ముంబై వేలం సంస్థ ఒకదానిలో దాదాపు 5.9 కోట్లు పలికాయి. ఉత్తరాలవి, జాతీయగీతం కాదు. జాతీయగీతమైన పాటకు కవి సొంత చేతిరాతలో ఇంగ్లీషు పాఠం, సంతకం, తేదీ, ఊరు ఉన్న ఒక్క కాగితానికి ఇప్పుడు వేలంలో ఎంతొస్తుందో లెక్కవేయడం నా వల్ల కాదు. అప్పట్లో జేబు తడుముకోని పెద్దల వారసులెవరైనా వేసి చూసుకుని, మంచినీళ్లు తాగి పడుకోండి.

నకలుకు కూడా ధర ఉందని మర్చిపోకండి. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ చివరిసారి కూర్చుంది. ఆ రోజే జనగణమనను జాతీయగీతంగా ప్రకటించారు, ఆ రోజే సభ్యులు రాజ్యాంగం మీద వరసగా సంతకాలు చేశారు. మన తిరుపతి మాడభూషి అనంతశయనం అయ్యంగారు ఆ సభలో సభ్యుడు. ఆ సంతకాలతో సహా రాజ్యాంగాన్ని డెహ్రాడూన్‌లో అచ్చు తీసిన వెయ్యి ప్రతుల్లో ఒకటి 2024లో సాఫ్రన్‌ఆర్ట్ వేలంలో 48 లక్షలు పలికింది. అచ్చుప్రతికి 48 లక్షలు పెట్టేవాడు దేశంలో ఉన్నాడు. అసలుప్రతిని పోనిచ్చి జిరాక్సును పటం కట్టుకున్నవాళ్లం మనం ఉన్నాం. రెండు రకాల మనుషులూ ఒకే గీతానికి లేచి నిలబడతారు.

వేలమంటేనే తప్పు అని మదనపల్లెలో ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. పొద్దున్నే టమోటా మార్కెట్ యార్డుకు రండి. బాక్సులు వరసలుగా పేర్చి ఉంటాయి. కొనేవాడు పై కాయ తీసి, అడుగు కాయ కూడా తీసి, నొక్కి చూస్తాడు. పాడేవాడు గొంతు చించుకుని ధర అంటాడు, అందరికీ వినబడుతుంది. రైతు పక్కనే నిలబడి ఉంటాడు. పాట ఖాయమవగానే చీటీ రాస్తారు: పేరు, రకం, బాక్సులు, ధర. 2023 జూలైలో కిలో రెండొందల దరిదాపుల్లోకి పోయినప్పుడూ అదే చీటీ, రోడ్డు పక్కన పారబోసిన ఏడాదీ అదే చీటీ. కమీషనూ మరోటీ అని కోతలుంటాయి, అన్యాయాలుంటాయి, రైతు తిట్టుకుంటాడు. కానీ ఏ సరుకు ఎవరికి ఎంతకు పోయిందో సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. రెండు రోజుల్లో కుళ్లిపోయే కాయకు మదనపల్లె ఇచ్చిన మర్యాద ఇది.

ఠాగూర్ కాగితానికి ఆ చీటీ కూడా ఎవరూ చూపించలేకపోతున్నారు. దాన్ని లండన్‌లోనో న్యూయార్క్‌లోనో సుత్తి కొట్టి, ఒకటోసారి, రెండోసారి అని అరిచి అమ్మి ఉంటే, లాటు నంబరు ఉండేది, ఫొటో ఉండేది, కొన్నవాడి జాడ ఉండేది. మళ్లీ అమ్మకానికొస్తే పేపర్లో పడేది. ఒకరోజు ముందు వెళ్లి ఉచితంగా చూసొచ్చేవాళ్లం. 1972 నాటి పురావస్తువుల చట్టం 75 ఏళ్లు దాటిన చారిత్రక రాతప్రతిని దేశం దాటనివ్వదు. బంగారంలాంటి చట్టం. ముందే దాటేసినవాటి పాస్‌పోర్టు అడిగే సెక్షన్ మాత్రం అందులో లేదు.

అయినా ఆశ చావదు. రేపెప్పుడో ఆ అమెరికా మనవడెవడో అటక సర్దుతుంటే ఆ కాగితం బయటపడుతుంది, కేటలాగులో ఎక్కుతుంది, మదనపల్లె పేరు దేశదేశాల పత్రికల్లో వస్తుంది అనుకుందాం. ఏం జరుగుతుందో నాకు ఇప్పుడే కనబడుతోంది. మొదటి రోజు ధర్నా. రెండో రోజు అఖిలపక్షం. మూడో రోజు కమిటీ. కమిటీకి అధ్యయన యాత్ర. ఆ కమిటీ, దాని భార్యాపిల్లలు, పీఏ, పీఏ బావమరిది లండన్లో దిగి వేలం సంస్థ తలుపు దగ్గరకు చేరతారు. తలుపు తీసే ఉంటుంది. కాపలావాడు నవ్వి లోపలికి దారి చూపిస్తాడు. మనవాళ్లు కదలరు. ఇంత సులువుగా లోపలికి పోతే పరువేముంది? కమిటీ అధ్యక్షుడు జేబులోంచి నాలుగు మడతల లెటర్‌హెడ్ తీసి వాడి చేతిలో పెడతాడు.

"ఆర్మందికి బ్రేక్, అబ్బయ్యా. మా ఎమ్మెల్యే సార్ స్వయంగా సంతకం పెట్టినాడు."